బోరు నీళ్లతో నింపిన స్విమ్మింగ్ పూల్: నీటి పరీక్ష, మందుల మోతాదు

హైదరాబాద్ చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌ల్లో, గేటెడ్ కమ్యూనిటీల్లో ఉన్న పూల్స్‌లో చాలావాటిని బోరు నీళ్లతోనో ట్యాంకర్ నీళ్లతోనో నింపుతారు. ట్యాంకర్‌లో వచ్చేవీ తరచుగా ఏదో ఒక బోరు నీళ్లే. పూల్ నీటి గురించి ఇంటర్నెట్‌లో దొరికే సలహాలేమో ఎక్కువగా అమెరికా మునిసిపల్ నీటిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఆల్కలినిటీ (ఆసిడ్‌ని తట్టుకుని పీహెచ్‌ని నిలబెట్టే గుణం) తక్కువుంటే వంట సోడా వేయమంటాయి, కాల్షియం తక్కువుంటే కాల్షియం క్లోరైడ్ కలపమంటాయి. మన గ్రానైట్ నేలలో బోరు నీళ్లకు ఈ రెండూ సాధారణంగా మొదటి రోజు నుంచే ఎక్కువగా ఉంటాయి. మనం చేయాల్సింది పెంచడం కాదు, తగ్గించడం. అందుకే ఈ మార్గదర్శిని బోరు నీటి పూల్‌కే పరిమితం చేస్తున్నాను.

ఇంకో మాట ముందే చెప్పాలి. మన దగ్గర పూల్ నిర్వహణ ఎక్కువగా అందాజు మీద నడుస్తుంది. నీళ్లు కాస్త రంగు మారితే ‘ఇంకో రెండు గుప్పిళ్లు వేస్తే సరిపోద్ది సార్’ అంటారు. పిల్లలు గంటల తరబడి మునిగి తేలే నీళ్లవి, ఆ నీళ్లు ఎంతో కొంత నోట్లోకీ పోతాయి. కొలవకుండా ఏ మందూ అందులో పడకూడదు.

ముందు లీటర్లు లెక్క కట్టండి

మోతాదులన్నీ దీని మీదే ఆధారపడతాయి కాబట్టి ఒక్కసారి సరిగ్గా లెక్క చేసి, పంపు గది గోడ మీద పెయింట్‌తో రాసి పెట్టండి. పూల్ 30 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, ఒకవైపు మూడున్నర, మరోవైపు అయిదున్నర అడుగుల లోతు ఉందనుకుందాం. పూల్ అడుగుభాగం సమంగా వాలుగా ఉంటే సగటు లోతు నాలుగున్నర అడుగులు. మూడింటినీ గుణిస్తే 2,025 ఘనపుటడుగులు. ఒక్కో ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున దాదాపు 57,000 లీటర్లు. అంచుల మీదుగా నీళ్లు పొర్లే రకం పూల్ అయితే బ్యాలెన్సింగ్ ట్యాంకులో ఉండే నీటిని కూడా కలపాలి. చాలామంది దాన్ని మర్చిపోతారు.

గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఒక్కటే: 1,000 లీటర్ల నీటిలో 1 గ్రాము పదార్థం కలిస్తే 1 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఒక భాగం). అంటే మన 57,000 లీటర్ల పూల్‌లో 1 పీపీఎం పెంచాలంటే 57 గ్రాములు కావాలి. కింద ఇచ్చిన లెక్కలన్నీ ఈ పూల్‌కే వేశాను. మీ లీటర్లను బట్టి మార్చుకోండి.

కిట్ కొనేటప్పుడు

బజారులో చవకగా దొరికేది రెండు గొట్టాల కిట్. ఒకదాంట్లో చుక్కలు వేస్తే పసుపు రంగు, రెండోదాంట్లో ఎరుపు వస్తుంది. ఎరుపు వచ్చేది పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార స్థాయి) పరీక్ష, అది పనికొస్తుంది. పసుపు వచ్చేది ఓటీఓ పరీక్ష. అది మొత్తం క్లోరిన్‌ని చూపిస్తుంది కానీ, అందులో పనిచేసే క్లోరిన్ ఎంతో, చెమటతోనూ మూత్రంతోనూ కలిసి నీరసించిపోయింది ఎంతో విడదీసి చెప్పదు. క్లోరిన్‌కి మాత్రం గులాబీ రంగు వచ్చే డీపీడీ కిట్ కొనండి. పనిచేసే క్లోరిన్‌ని, అంటే ఫ్రీ క్లోరిన్‌ని, అది విడిగా చూపిస్తుంది.

వీటితోపాటు ఆల్కలినిటీ, కాల్షియం హార్డ్‌నెస్ (నీటిలో కరిగిన కాల్షియం), సయన్యూరిక్ ఆసిడ్ (ఎండ నుంచి క్లోరిన్‌ని కాపాడే పదార్థం) పరీక్షలు కావాలి. ఆల్కలినిటీ కిట్ దొరక్కపోతే అక్వేరియం షాపులో కేహెచ్ కిట్ అడగండి. అది కొలిచేదీ ఆల్కలినిటీనే. డిగ్రీల్లో చూపిస్తుంది కాబట్టి వచ్చిన అంకెను 17.9తో గుణిస్తే పీపీఎం వస్తుంది. బోరు నీటి కోసం అమ్మే హార్డ్‌నెస్ కిట్ కూడా వాడొచ్చు, కాకపోతే అది కాల్షియం, మెగ్నీషియం రెండింటినీ కలిపి చూపిస్తుంది. ఇంట్లో ఉన్న టీడీఎస్ మీటర్ మాత్రం ఈ పనికి చాలదు. నీటిలో మొత్తం ఎంత కరిగి ఉందో అది చెబుతుంది తప్ప, కరిగింది కాల్షియమో ఉప్పో చెప్పదు.

నీళ్లలో ముంచి చూసే పరీక్ష స్ట్రిప్స్ నేను సిఫారసు చేయను. పంపు గది వేడికి, తేమకు అవి త్వరగా పాడవుతాయి. చుక్కల మందు సీసాలను కూడా ఎండ తగలని చోట ఉంచి, ఏడాదికోసారి కొత్తవి కొనండి.

నమూనా తీయడం

పంపు కనీసం గంటసేపు నడిచాక, నీళ్లు లోపలికి వచ్చే నాజిల్‌కు దూరంగా నిలబడండి. సీసాను పూల్ నీళ్లతోనే రెండుసార్లు కడిగి, తలకిందులుగా పట్టుకుని మోచేతి లోతు దాకా ముంచి, అక్కడ తిప్పి నింపండి. పైపైన ఉండే నీళ్లలో సన్‌స్క్రీన్, నూనె, దుమ్ము తేలుతుంటాయి, ఎండకు క్లోరిన్ కూడా తగ్గి ఉంటుంది.

గొట్టంలో గీత వరకే నీళ్లు ఉండాలి. చుక్కలు వేసేటప్పుడు సీసా నిటారుగా పట్టుకోవాలి. వంచితే చుక్క పరిమాణం మారిపోతుంది. మూత పెట్టి కలపండి, వేలు అడ్డం పెట్టి కాదు. రంగును తెల్ల కాగితం ముందు పెట్టి పగటి వెలుతురులో చూడండి. ట్యూబ్‌లైటు కింద గులాబీ ఛాయలను పోల్చడం కష్టం.

ఇక్కడ రెండు మోసాలున్నాయి. డీపీడీ వేయగానే గులాబీ రంగు మెరిసి మాయమైతే క్లోరిన్ లేదని కాదు, రంగునే తెల్లబరిచేంత ఎక్కువ ఉందని. నమూనాలో సగం మామూలు తాగే నీళ్లు కలిపి మళ్లీ చూడండి. రెండోది, పీహెచ్ గొట్టంలో రంగు చివరి గడి అయిన 8.2 దగ్గర ఆగితే అసలు విలువ అంతకంటే ఎక్కువే ఉండొచ్చు.

కొత్తగా నింపిన బోరు నీటిని ఆ రోజే కొలిచి నిర్ణయానికి రాకండి. భూమి లోపలి నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది. అందుకే బోరు దగ్గర పీహెచ్ 7.2 చూపిస్తుంది. ఒక రోజు పంపు నడిచి ఆ వాయువు బయటికి పోగానే అదే నీళ్లు 8 దాటిపోతాయి. ఎవరూ ఏమీ కలపకుండానే ఇలా ఎందుకైందని టెన్షన్ పడక్కర్లేదు. ఒక రోజు తిప్పాక వచ్చే అంకే అసలైనది.

ఏ అంకె ఎంత ఉండాలి

పీహెచ్ 7.2 నుంచి 7.8 లోపు, వీలైతే 7.4–7.6. ఆల్కలినిటీ 80–120 పీపీఎం. కాల్షియం హార్డ్‌నెస్ 200–400. సయన్యూరిక్ ఆసిడ్ 30–50. ఫ్రీ క్లోరిన్ ఎప్పుడూ 2 పీపీఎంకు తగ్గకుండా, 3 దగ్గర ఉంటే మేలు. మొత్తం క్లోరిన్‌లోంచి ఫ్రీ క్లోరిన్‌ను తీసేస్తే మిగిలేది 0.5 దాటకూడదు. ఆ మిగిలినదే కళ్లు మండించేది, ఘాటైన ‘పూల్ వాసన’ తెచ్చేది. వాసన వస్తోందంటే క్లోరిన్ ఎక్కువైందని అనుకుంటారు. నిజానికి పనిచేసే క్లోరిన్ చాలకే అది వస్తుంది.

పీహెచ్ మీద ఇంత పట్టుదల ఎందుకంటే, క్లోరిన్ సత్తువ దాని మీదే ఉంటుంది. సయన్యూరిక్ ఆసిడ్ లేని నీటిలో పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో దాదాపు సగం క్రిములను చంపే రూపంలో ఉంటుంది. 8కి వెళ్లేసరికి అది పావు వంతుకు పడిపోతుంది.

మొదటి పని: ఆల్కలినిటీ దించడం

బోరు నీటి పూల్‌లో కొత్తవాళ్లు ఎక్కువగా విసిగిపోయేది ఇక్కడే. ఆసిడ్ పోస్తారు, పీహెచ్ దిగుతుంది, మూడు రోజుల్లో మళ్లీ 8కి ఎక్కుతుంది. ఆల్కలినిటీ ఎక్కువగా ఉన్నంతకాలం కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతూనే ఉంటుంది, పీహెచ్ పైకి లాగుతూనే ఉంటుంది. అసలు సమస్య ఆల్కలినిటీ, పీహెచ్ దాని వెనకాల నడుస్తుంది.

మన పూల్‌లో ఆల్కలినిటీ 200 ఉందనుకుందాం, 100కి తేవాలి. వాడాల్సింది 30 శాతం పైన గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ ఆసిడ్. 1,000 లీటర్ల నీటిలో 10 పీపీఎం తగ్గాలంటే అది సుమారు 20 మి.లీ. కావాలి. 57,000 లీటర్లకు 1.1 లీటర్ల పైచిలుకు. 100 పీపీఎం తగ్గించాలంటే మొత్తం 11 లీటర్ల పైన పడుతుంది. ఇదంతా ఒకేసారి పోస్తే పీహెచ్ పాతాళానికి పోయి గ్రౌట్‌నీ స్టీలు మెట్లనూ తినేస్తుంది. అందుకే విడతలుగా చేయాలి.

పంపు నడుస్తుండగా, పూల్‌లో ఎవరూ లేనప్పుడు, లోతు వైపు నాజిల్ ముందర లీటరున్నర ఆసిడ్‌ని సన్నని ధారగా పోయండి. గాలి మీ వెనక నుంచి వీచేలా నిలబడండి. రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. బకెట్‌లో పలచన చేసుకుని పోయాలనుకుంటే ముందు బకెట్‌లో నీళ్లు, ఆ తర్వాతే ఆసిడ్. ఎప్పుడూ తిరగేసి చేయకండి. నాలుగు గంటల తర్వాత పీహెచ్ చూడండి. 7.2 దగ్గరికి వస్తే ఆ విడత అయిపోయినట్టు, 7కి మాత్రం దిగనివ్వకండి. ఇప్పుడు నాజిల్స్‌ని పైకి తిప్పి నీటి ఉపరితలం ఎగిసేలా చేయండి, ఫౌంటెన్ గానీ వాటర్‌ఫాల్ గానీ ఉంటే ఆన్ చేయండి. నీళ్లు అలా గాలితో కలిసినప్పుడు కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ మళ్లీ పెరుగుతుంది, కానీ ఆల్కలినిటీ తిరిగి పెరగదు. పీహెచ్ 7.7 చేరాక రెండో విడత మొదలుపెట్టండి. 200 నుంచి 100కి రావడానికి వారం పైనే పట్టొచ్చు. తొందరపడకండి, ఒకసారి ఇక్కడికి తెచ్చారంటే తర్వాతి నెలలు చాలా తేలికగా గడుస్తాయి.

ఎక్కువ దించేశారనుకోండి, అప్పుడే వంట సోడా అవసరం. 10 పీపీఎం పెంచడానికి 1,000 లీటర్లకు 17 గ్రాములు.

కాల్షియాన్ని అదుపులో పెట్టడం

కాల్షియాన్ని తగ్గించే మందు ఇంటి స్థాయిలో లేదు. కాల్షియం తక్కువున్న మెత్తని నీళ్లతో కొంత నీటిని మార్చడమే మార్గం. అయితే కాల్షియం 400–500 ఉన్నా, మిగతా అంకెలను కాస్త కిందికి పట్టి ఉంచితే తెల్ల పొర పేరుకోదు. అది తెలుసుకోవడానికి చిన్న కూడిక ఉంది: లాంజిలియర్ సూచీ అంటారు. పీహెచ్‌కి నీటి వేడి అంకె (24 డిగ్రీలకు 0.6, 29కి 0.7, 34కి 0.8), కాల్షియం అంకె (200కి 1.9, 400కి 2.2, 500కి 2.3), ఆల్కలినిటీ అంకె (80కి 1.9, 100కి 2.0, 200కి 2.3) కలిపి 12.1 తీసేయండి. సున్నాకు అటూ ఇటూ 0.3 లోపు ఉంటే బాగున్నట్టే.

పీహెచ్ 7.8, వేడి 29 డిగ్రీలు, కాల్షియం 400, ఆల్కలినిటీ 200 ఉంటే: 7.8 + 0.7 + 2.2 + 2.3 – 12.1 = 0.9. టైల్స్ మీద నీటి గీత వెంబడి తెల్లటి గరుకు పొర పేరుకోవడం ఖాయం. వేలితో గీకితే గరుకుగా తగులుతుంది, దాని మీద నిమ్మరసం పిండితే చిన్నగా నురగ వస్తుంది. అవే నీళ్లలో ఆల్కలినిటీ 100కి, పీహెచ్ 7.5కి దించితే సూచీ 0.3. కాల్షియం అంతే ఉంది, పొర ఆగింది.

క్లోరిన్ ఏ రూపంలో?

అందరూ వాడేది టీసీసీఏ (ట్రైక్లోరోఐసోసయన్యూరిక్ ఆసిడ్) 90 పొడి గానీ బిళ్లలు గానీ. అందులో 90 శాతం పనికొచ్చే క్లోరిన్ ఉంటుంది, నిల్వ ఉంటుంది, వాడకం తేలిక. కానీ దాంతోపాటు సయన్యూరిక్ ఆసిడ్ కూడా నీటిలోకి వస్తుంది. ఎండకు క్లోరిన్ నశించిపోకుండా ఇది గొడుగులా కాపాడుతుంది కాబట్టి కొంత ఉండాలి. మితిమీరితే అదే క్లోరిన్‌ని పట్టుకుని పనిచేయనివ్వదు. టీసీసీఏతో 10 పీపీఎం క్లోరిన్ ఇస్తే సుమారు 6 పీపీఎం సయన్యూరిక్ ఆసిడ్ చేరుతుంది. రోజూ 2 పీపీఎం చొప్పున వేస్తే నెలకు 36. మార్చిలో మొదలుపెట్టిన పూల్‌లో జూన్ వచ్చేసరికి 100 దాటుతుంది. క్లోరిన్ ఖర్చైపోయినా ఇది పోదు, నీళ్లు మార్చితేనే తగ్గుతుంది. అప్పుడు క్లోరిన్ 3 చూపిస్తున్నా నీళ్లు పచ్చబడతాయి. ‘రోజూ మందు వేస్తున్నా పాచి పడుతోంది’ అనే ఫిర్యాదుల వెనక నేను మొదట చూసేది ఈ అంకెనే. సయన్యూరిక్ ఆసిడ్‌లో కనీసం 7.5 శాతం మేర ఫ్రీ క్లోరిన్ ఉండాలన్నది పనికొచ్చే లెక్క: 40 ఉంటే 3 చాలు, 100 ఉంటే 7.5 కావాలి.

బ్లీచింగ్ పౌడర్, కాల్షియం హైపోక్లోరైట్ రెండూ కాల్షియాన్ని పెంచుతాయి. మన నీళ్లకు అవి అసలే వద్దు.

నా సలహా ఇది. కొత్త నీళ్లలో మొదట టీసీసీఏ వాడండి, సయన్యూరిక్ ఆసిడ్ 30–40 చేరాక ఆపేసి క్యాన్లలో వచ్చే ద్రవ సోడియం హైపోక్లోరైట్‌కి మారండి. 10 శాతం గాఢత ఉన్న లీటరు హైపోలో 100 గ్రాముల క్లోరిన్ ఉంటుంది. మన పూల్‌లో 2 పీపీఎం పెంచాలంటే 114 గ్రాములు, అంటే లీటరుకు కాస్త పైన. సాయంత్రం ఎండ తగ్గాక పోయండి. హైపో వేడికి త్వరగా నీరసిస్తుంది, అందుకే నెలల తరబడి నిల్వ పెట్టకుండా తాజాగా కొనండి. బోరు నీళ్లలో ఇనుము ఉంటే మొదటిసారి క్లోరిన్ పడగానే నీళ్లు టీ రంగుకు తిరగొచ్చు. భయపడకుండా ఫిల్టర్ నడిపించి బ్యాక్‌వాష్ (ఫిల్టర్‌లోకి నీళ్లను వెనక్కి పంపి మురికిని బయటికి కడిగేయడం) చేస్తూ పోండి.

ప్రాణం మీదికి తెచ్చే పొరపాట్లు

ఆసిడ్, క్లోరిన్ ఎప్పుడూ కలవకూడదు. ఒకే మగ్గు, ఒకే బకెట్ కూడా వాడొద్దు. రెండూ కలిస్తే వచ్చే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. టీసీసీఏ, కాల్షియం హైపోక్లోరైట్ పొడులు కలిస్తే మంటలు లేవొచ్చు, పేలొచ్చు. పొడి మందు మీద నీళ్లు పోయకండి, నీళ్లలో మందు వేయండి. ఆసిడ్ క్యాన్‌ను పంపు గదిలో ఉంచితే ఆవిరికి మోటారు తుప్పు పడుతుంది. బయట నీడలో, పిల్లలకు అందని చోట, తాళం వేసి పెట్టండి. ఈ పని చేసే మనిషికి గ్లౌజులు, కళ్లద్దాలు కొనివ్వడం అసోసియేషన్ బాధ్యత.

నీళ్లు పచ్చబడితే

చాలాచోట్ల మైలుతుత్తం వేస్తారు. పాచి చస్తుంది నిజమే, కానీ రాగి నీటిలో మిగిలిపోయి గోడల మీద మరకలు, లేత రంగు జుట్టుకు పచ్చదనం తెస్తుంది. క్లోరిన్‌తోనే పని అవుతుంది. ముందు పీహెచ్‌ని 7.2కి తెచ్చి, గోడలూ మూలలూ బ్రష్‌తో గట్టిగా రుద్దండి. సయన్యూరిక్ ఆసిడ్ 30 ఉంటే క్లోరిన్‌ని 12 పీపీఎం దాకా పెంచండి: మన పూల్‌కు సుమారు 7 లీటర్ల హైపో. రోజుకు రెండు మూడుసార్లు కొలిచి, తగ్గినంత మళ్లీ పోస్తూ, ఫిల్టర్‌ని ఆపకుండా నడపండి. గేజ్ మీద ఒత్తిడి శుభ్రంగా ఉన్నప్పటికన్నా 8–10 పీఎస్ఐ పెరిగినప్పుడల్లా బ్యాక్‌వాష్ చేయండి. ఈ రోజుల్లో ఎవరినీ దిగనివ్వకండి.

పని పూర్తయిందో లేదో కంటికి కనబడే దాన్ని బట్టి తేల్చకండి. చీకటి పడ్డాక ఫ్రీ క్లోరిన్ కొలవండి, మళ్లీ తెల్లవారుజామున ఎండ రాకముందు కొలవండి. రాత్రి ఎండ లేదు కాబట్టి తగ్గిందంతా పాచి తిన్నదే. 1 పీపీఎం కంటే ఎక్కువ తగ్గితే ఇంకా మిగిలి ఉన్నట్టు.

రోజువారీ పద్ధతి

ఎండాకాలంలో క్లోరిన్, పీహెచ్ రోజూ చూడండి, పూల్ వాడుక ఎక్కువైతే ఉదయం సాయంత్రం చూడండి. ఆల్కలినిటీ వారానికోసారి. కాల్షియం, సయన్యూరిక్ ఆసిడ్ నెలకోసారి చాలు. ప్రతి అంకెనూ, వేసిన ప్రతి మందునూ తేదీతో ఒక పుస్తకంలో రాయించండి. ఆపరేటర్ మారినప్పుడు ఆ పుస్తకమే కొత్తవాళ్లకు దారి చూపిస్తుంది. అడుగున లోతు వైపు డ్రెయిన్ జాలీ గట్టు మీద నుంచి స్పష్టంగా కనబడకపోతే, అంకెలు ఎలా ఉన్నా పూల్ మూసేయండి. మబ్బు నీళ్లలో మునిగిపోయిన పిల్లవాడు పైనుంచి కనిపించడు.

ఎండాకాలంలో ఆవిరైన నీటికి బదులు బోరు నీళ్లు కలుపుతుంటాం. నీళ్లు ఆవిరవుతాయి కానీ కాల్షియం ఆవిరవదు, కలిపిన ప్రతిసారీ ఇంకొంత చేరుతుంది, ఆల్కలినిటీ కూడా మెల్లగా ఎక్కుతుంది. అందుకే మే నెలాఖరుకు ఈ రెండూ తప్పకుండా కొలవండి. వీటిని తగ్గించుకోవడానికి వానాకాలం మంచి అవకాశం. వాన నీళ్లలో కాల్షియం దాదాపు ఉండదు. భారీ వానలు పడే రోజులు చూసుకుని, ముందే బ్యాక్‌వాష్ చేసి పూల్ మట్టం అర అడుగు తగ్గించి ఉంచితే, నిండే నీళ్లు కాల్షియాన్నీ పేరుకున్న సయన్యూరిక్ ఆసిడ్‌నీ పలచన చేస్తాయి. చుట్టూ ఉన్న మట్టి నీళ్లు లోపలికి కొట్టుకురాకుండా మాత్రం చూసుకోండి. వాన వెలిసిన మర్నాడు అన్ని పరీక్షలూ కొత్తగా చేయాలి.